అడ్డుకట్ట లేని కళ్లు

ఆషాఢ శుద్ధ తదియ

తెల్లవారేసరికి పడవల వాళ్లు కళ్ల కేంద్రం ముందు వరస కట్టేశారు. వేటకు వెళ్లే ప్రతి మనిషి కంటిమీదా పొర సరిగ్గా ఉందో లేదో చూసి, దానికి మేత చుక్క వేసి పంపాలి. ఎర్రనీటి రేవులో నా ఉద్యోగం అది. వాళ్లు వెళ్లాక పొర పెట్టె తెరిచి, పళ్లేల్లో పెరుగుతున్న కొత్త పొరలకు నీళ్లు మార్చాలి. ఆ తర్వాత బడి పిల్లల కళ్లు చూడాలి.

ఇవాళ సముద్రం మీంచి మంచు దట్టంగా లేచింది. ఎర్రటి మంచు. అందులోని నాచుధూళి కంట్లో పడితే ఇసుక పోసి రుద్దినట్టుండేదని మా అమ్మ చెప్పేది. పొరలు రాకముందు ఆవిడ తరంలో ఎంతోమంది చూపు పోగొట్టుకున్నారు. నాకు ఆ మంట తెలియదు. బడిలో చేరిన ఏడాదే పొర వేశారు; ఇప్పుడైతే పుట్టిన వారానికే వేస్తున్నాం. ప్రాణమున్న పొర అది, తేనె చుక్క పరిచినట్టు కంటిని అంటుకుని బతుకుతుంది. ఒక ఎంజైమును వదులుతూ ఉంటుంది. ధూళి పడగానే ఆ ఎంజైము దాన్ని కరిగించేస్తుంది. కళ్లకు పొరలు కమ్మాయా అనడం ఒకప్పుడు తిట్టట. ఇప్పుడు పొర లేకుండా గుమ్మం దాటితే జరిమానా.

వరసలో చివరికి దానయ్య వచ్చాడు. వలలు లాగే మనిషి, మాట తక్కువ.

"ఎడం కంట్లో మీగడ కట్టినట్టున్నాది, అమ్మగారూ" అన్నాడు.

చూస్తే పొర చచ్చిపోయి, అంచు నుంచి చుట్టుకుపోతోంది. ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదు. చిన్న పట్టుకారుతో తీసేశాను. కింద నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్ల మచ్చ ఉంది. ఏదో గీసుకుని ఉంటుందనుకున్నాను. కొత్త పొర వేసి, రెండు పూటలు వేటకు వెళ్లొద్దని చెప్పి పంపాను.

ఆషాఢ శుద్ధ పంచమి

 ఇవాళ్టిది రాసి పెట్టాలి.

దానయ్య అరచేత్తో ఎడం కన్ను మూసుకుని వచ్చాడు. చొక్కా ముందుభాగం తడిసిపోయింది.

"నొప్పిగా ఉందా, దానయ్యా? ఏడుస్తున్నావేం?"

"ఏడవట్లేదమ్మా. నీరు దానంతటదే కారతన్నాది."

చెయ్యి తీసి చూశాను. నేను వేసిన కొత్త పొర కూడా చచ్చి రెప్పకు అంటుకుని ఉంది. దాని కింద, కంటికి అద్దంలా ఉండాల్సిన కార్నియా కరిగిపోయింది. మధ్యలో రంధ్రం. ఆ రంధ్రంలోంచి ఐరిస్, కంటికి రంగునిచ్చే భాగం, గోధుమరంగు మడతలా బయటికి తోసుకొచ్చింది. కారుతున్నది కన్నీరు కాదు, కంటి లోపలి నీరు.

కొండ మీది పెద్దాసుపత్రిలో నాకు కుట్లు వేయడం నేర్పారు. జిగురు పెట్టి, పలుచటి కణజాలం కప్పి, రంధ్రం మూశాను. కన్ను ఆకారం నిలిచింది. చూపు మాత్రం నిలవలేదు.

"నిన్న పడవ పేరు సదివినాను ఈ కంటితో" అన్నాడు దానయ్య, కట్టు కడుతుంటే. 

రెండు రోజుల్లో కార్నియా కరిగిపోవడం నేను పుస్తకంలో కూడా చదవలేదు.

ఆషాఢ శుద్ధ సప్తమి

ఇంకో నలుగురికి పొర ఊడింది. పెట్టెలో పళ్లేలు తెరిచి చూస్తే, పెరుగుతున్న పొరలన్నీ విరిగిన పాలలా అయిపోయాయి. పొరకే ఏదో తెగులు తగిలింది.

వైర్‌లెస్‌లో డాక్టర్ సాల్మన్ దొరికారు. కొండ మీది ఆసుపత్రిలో నాకు పని నేర్పినాయన. విషయమంతా విని, "పొర చస్తే కన్ను ఎందుకు కరగాలి, హైమా? అడ్డుకట్ట ఉంటుందిగా. కొలిచావా?" అన్నారు.

అడ్డుకట్ట అని మేం వాడుకగా అనేది కార్నియాలో ఉండే కొన్ని ప్రోటీన్లను. ఎంజైముకి ధూళేదో కన్నేదో తెలియదు, దొరికినదాన్నల్లా కొరికేస్తుంది. కార్నియాలో పుట్టుకతో ఉండే ఈ ప్రోటీన్లు వెళ్లి దాని నోట్లో అడ్డం పడి, దవడ కదలకుండా చేస్తాయి. అందుకే పొర కింద కన్ను క్షేమంగా ఉంటుంది. అదనపు భద్రతకని, పొర కూడా తన వంతు అడ్డుకట్టను తయారుచేసేలా దాన్ని మలిచారు.

దానయ్య మంచి కంటి అంచున పొర కొంచెం ఎత్తి, దూదితో అద్ది, కన్ను తయారుచేసే అడ్డుకట్టను వేరుగా కొలిచే యంత్రంలో పెట్టాను. అది ఉంటే కాగితం మీద నల్లగీత లేస్తుంది. గీత రాలేదు. యంత్రం పాడైందనుకుని మిగతా నలుగురివీ పెట్టాను. రాలేదు. నా కంటిది పెట్టాను.

రాలేదు.

 పొర ఇస్తోంది కదా అని మా కళ్లు ఆ పని మానేశాయి. ఎప్పుడు మానేశాయో ఎవరూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు. పొర చస్తున్నప్పుడు దానిలో ఉన్న ఎంజైమంతా ఒక్కసారిగా బయటపడుతుంది. ఆపడానికి కింద ఎవరూ లేరు.

మధ్యాహ్నం బడికి వెళ్లి పిల్లలందరివీ అద్దాను. నా కూతురు చంద్రిక తన వంతు వచ్చినప్పుడు కన్ను పెద్దది చేసి, "అమ్మా, నాది బాగుందని రాయి" అంది. దానిది కూడా రాలేదు.

సాయంత్రం మళ్లీ సాల్మన్ గారిని పిలిచాను. 

"మావి కూడా కొలిచాం. ఇక్కడ కూడా అంతే" అన్నారు ఆయన.

ఆషాఢ శుద్ధ దశమి

రేవు మూసేశారు. మంచు లేచినప్పుడు అందరూ కళ్లకు గుడ్డ కట్టుకుని ఇళ్లలోనే ఉండాలని రేవు పెద్ద జగ్గారావు చాటింపు వేయించాడు. దూరపు వేటలో ఉన్న పడవలకు వెనక్కి రమ్మని కబురు పంపాం. చంద్రిక వాళ్ల నాన్న వాటిలోనే ఉన్నాడు. ఆయన మెట్ట ప్రాంతానికి ఇంకా పొరల చట్టం రాని రోజుల్లో, పెద్దయ్యాక ఇక్కడికి వచ్చి పొర వేయించుకున్న మనిషి, కాబట్టి కంట్లో ఎంతో కొంత అడ్డుకట్ట మిగిలి ఉంటుందని నా ఆశ. ముసలివాళ్ల కళ్లలో సన్నటి గీత వస్తోంది. వయసు తగ్గేకొద్దీ గీత పలచబడి, పిల్లల దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు.

రక్తంలో కూడా ఇలాంటి ప్రోటీన్లుంటాయి. ఎవరి రక్తం వాళ్లకే తీసి, పైకి తేలిన పసుపుపచ్చ నీటిని చుక్కలుగా వేస్తున్నాం. దానితో కరగడం నెమ్మదిస్తోంది. కానీ రెప్ప వేసినప్పుడల్లా చుక్క కొట్టుకుపోతుంది. తల్లులు పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, గంటగంటకూ రెప్ప ఎత్తి వేస్తూ కూర్చుంటున్నారు.

"ఇది ఎన్నాళ్లో సాగదు. కార్నియాలోనే అడ్డుకట్ట తయారుచేసే కణాలు కావాలి. ఎప్పుడూ పొర వెయ్యని కన్ను ఒకటి దొరికితే, నల్లగుడ్డు అంచు నుంచి చిన్న ముక్క తీసి, నీ పొర పెట్టెలోనే పెంచొచ్చు. పెరిగిన కణాలను పిల్లల కళ్ల మీద నాటాలి" అన్నారు సాల్మన్ గారు.

"పొర వెయ్యని కన్నంటే ఎక్కడుంది సార్? చట్టం ప్రకారం అందరికీ వేశాం."

"చూపు లేనివాళ్లకు వెయ్యలేదు. మేం ఇక్కడ వెతుకుతున్నాం. మీ రేవులో ఎవరైనా ఉన్నారా?"

ఉంది. నూకాలమ్మ. పుట్టుకతోనే కంటి నరం దెబ్బతిన్న మనిషి. అరవై దాటాయి. వలల కొట్టంలో చిరిగిన వలలు అల్లుతుంది. ఇన్నేళ్లలో ఆమె మా కేంద్రం గుమ్మం తొక్కలేదు. ఆమె కళ్లు చూడాలని మాకూ తోచలేదు.

ఆషాఢ శుద్ధ ద్వాదశి

మంచు విడిచాక చంద్రికను పక్కింట్లో ఉంచి వలల కొట్టానికి వెళ్లాను. నూకాలమ్మ కాళ్లు చాపుకుని, వల కాలివేలికి తగిలించి అల్లుతోంది.

"పిన్నమ్మా, నేను కళ్ల కేంద్రం హైమావతిని. నీ కళ్లు ఒకసారి చూడాలి."

"నా కల్లా?" అని నవ్వింది. "ఏటి, ఎకసెక్కమా?"

కాదని, పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆమె వల పక్కన పెట్టి, ముఖం పైకెత్తింది.

దీపం వేసి చూశాను. నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. మచ్చ లేదు, గీత లేదు. మంచు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని ఉండిపోతుందట, తెరవాల్సిన పని లేదు కనక. ఇంత స్వచ్ఛమైన కార్నియా నేను చదువుకునేటప్పుడు బొమ్మల్లో చూశాను, అంతే. దూదితో అద్దిన తడిని కేంద్రానికి తెచ్చి యంత్రంలో పెడితే, గీత చివరి దాకా నల్లగా లేచింది.

తిరిగి వెళ్లి చెప్పాను. "నీ కళ్లు ఈ రేవులో అందరికంటే బాగున్నాయి, పిన్నమ్మా."

ఆమె తన రెప్పల మీద వేళ్లు పెట్టుకుంది.

"అరవయ్యేల్లకి ఒకరు సెప్పినారు" అంది. తర్వాత, "ముక్క తీస్తే ఏటవుద్ది?" అని అడిగింది.

దాచలేదు. మామూలు రోజుల్లో మానిపోతుంది. ఈ తేమలో, ఈ మంచులో చీము పట్టొచ్చు, వాపు రావొచ్చు. "నీకు వెలుతురు తెలుస్తుందా?" అని అడిగాను.

"కుడికంటికి ఏటీ లేదు. ఎడం కంటికి ఎలుతురు తెలుస్తాది."

ఆ మాటలప్పుడే జగ్గారావు వచ్చాడు. ఆయన కుడికంటికి కట్టు ఉంది. మనవడిని ఎత్తుకుని, వాడి కళ్ల మీద తడిగుడ్డ వేసి పట్టుకున్నాడు. నూకాలమ్మ వేలాడుతున్న వల చాటున ఉండటంతో ఆమెను చూసినట్టు లేదు.

"దొరికిందట కదా, హైమమ్మా. ఇంకా ఆలోసిస్తారేటి? గుడ్డి మనిసికి ఆ కల్లతో ఏటి పని? రెండూ తీసీండి. ఊరందరికీ సరిపోతాయి."

 ఆయన చెడ్డవాడు కాదు. రేవు మూసేసిన నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి నీళ్లు అందిస్తున్నవాడు ఆయనే.

వల వెనక నుంచి నూకాలమ్మ పలికింది. "ఏటి పనో నాను సెప్తాను. ఇలా వచ్చి కూకో, జగ్గడూ."

జగ్గారావు ముఖం పాలిపోయింది. మనవడితో సహా కింద కూర్చున్నాడు.

"మా అమ్మ సచ్చిపోయిన నాడు తలకాడ దీపం ఎట్టినారు. అమ్మని నాను ఎప్పుడూ సూల్లేదు. ఆ దీపం సూసినాను. ఎడం కంటితో. పక్కనే కూకుని తెల్లార్లూ దాన్నే సూసినాను. అదీ పని." వల అందుకుని మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. "ఇంక ఎల్లండి. నన్ను ఆలోసించుకోనీండి."

జగ్గారావు తల ఎత్తలేదు. పిల్లవాడు ఏడుస్తుంటే లేచి వెళ్లిపోయాడు.

ఆషాఢ శుద్ధ చతుర్దశి

పొద్దున చంద్రికకు ముఖం కడుగుతుంటే దాని కుడికంటి పొర నా వేలికి అంటుకుని వచ్చేసింది. ఎడమది అంచున చుట్టుకుంటోంది. తెల్ల మచ్చ ఇంకా లేదు. సాయంత్రానికి వచ్చింది.

నేను రోజూ పాతికమంది తల్లులకు చెప్పే మాటలు ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.  చంద్రికే అడిగింది, "అమ్మా, నాకు కూడా చుక్కలేస్తావా?" అని.

వలల కొట్టానికి మళ్లీ వెళ్లాను. ఏమైనా ఆలోచించావా పిన్నమ్మా అని మాత్రం అడిగాను. ఆమె ముఖం నా వైపు తిప్పింది.

"నీ కూతురు గుంటకి కూడా వచ్చిందట కదా. సెప్పలేదేటి?"

"చెబితే నువ్వు కాదనలేవని."

నూకాలమ్మ చేతిలో వల ఆగిపోయింది.

"కుడికంట్లో తీసుకో" అంది. "దానికి ఎలాగూ ఏటీ తెలీదు. ఎడం కంటి జోలికి రాకు."

అక్కడే ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఆమె విదిలించుకోలేదు, ఓదార్చలేదు. 

ఆషాఢ పౌర్ణమి

మత్తు చుక్కలు వేసి, కుడికంటి నల్లగుడ్డు అంచు నుంచి నెలవంక ఆకారంలో గోరంత కూడా లేని ముక్క తీశాను. సాల్మన్ గారు వైర్‌లెస్‌లో పక్కనే ఉన్నట్టు చెబుతూ ఉన్నారు. పెట్టెను ఉడికించిన నీళ్లతో, మందుతో కడిగి, ముక్కను పళ్లెంలో పరిచాను.

"నొప్పేటీ లేదే, నీ సెయ్యి బరువు లేదు" అంది నూకాలమ్మ, కట్టు కడుతుంటే.

ఆషాఢ బహుళ పంచమి

పళ్లెంలో కణాలు పెరుగుతున్నాయి. ముక్క చుట్టూ సన్నటి తివాచీ పరుచుకున్నట్టు కనిపిస్తోంది. పెట్టెలోని నీటిని అద్ది చూస్తే అడ్డుకట్ట గీత వచ్చింది. ఆ గీతను చూసి జగ్గారావు మనవడి తల్లి నా కాళ్లకు దండం పెట్టబోయింది, పట్టుకుని ఆపాను.

చంద్రిక కుడికంటి మచ్చ కందిగింజంత అయింది. దానికి బొమ్మలు గీయడం ఇష్టం. కళ్లు మూసుకునే గీస్తోంది, వేలితో గోడ మీద.

ఆషాఢ బహుళ నవమి

పెట్టె తెరిస్తే పళ్లెమంతా బూజు.

నేను రెండుసార్లు మూత వేసి మళ్లీ తెరిచాను. నిన్నటికి లేదు. ఈ ఉప్పుతేమ గోడల్లోంచి కూడా ఊరుతుంది. ఎక్కడి నుంచి దూరిందో తెలియదు. ఒక్క పూటలో అంతా పోయింది.

కొట్టానికి పరిగెత్తాను, ఇంకో ముక్క అడగాలని. నూకాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు విప్పితే, కుడికన్ను చీము పట్టి రెప్పలు వాచిపోయాయి. నిన్న కూడా చూశాను, కాస్త ఎరుపు తప్ప ఏమీ లేదు. ఆ కంటిని ఇక ముట్టుకోలేం. కన్ను నిలిస్తే అదే చాలు.

బూజు సంగతి కూడా చెప్పాను. దాచే మొహం లేదు.

ఆమె అడిగింది ఒక్కటే. "పిల్లలెంతమందికి మచ్చ వచ్చినాది?"

బడి మొత్తానికీ వచ్చిందని చెప్పాను. ఎడం కంటి మాట నేను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఆషాఢ బహుళ ద్వాదశి

చంద్రిక కుడికన్ను పోయింది.

చుక్క వేద్దామని రెప్ప ఎత్తితే, నా వేళ్ల మీదికి వెచ్చటి నీరు కారింది. దానయ్యకు చేసినట్టే జిగురు పెట్టి, కణజాలం కప్పి, కుట్లు వేశాను. నా కూతురి కంటికి నా చేత్తో.   అంతా అయ్యాక పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి కేంద్రం గుమ్మంలో నూకాలమ్మ నిలబడి ఉంది. పక్కన జగ్గారావు. ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఇద్దరి కుడికళ్లకీ కట్లే.

"నాను అడగలేదమ్మా. తనే కబురెట్టి, తోడు రమ్మంది" అన్నాడు జగ్గారావు. 

నూకాలమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చి, బల్ల మీద తనంతట తానే పడుకుంది.

"ఎడం కన్ను తీసుకో. మల్లీ బూజు పట్టించీకు."

"పిన్నమ్మా, ఆ వెలుతురు పోవచ్చు. కుడికంటికి ఏమైందో చూశావుగా."

"ఎరిగే వచ్చినాను. నన్ను ఇంక మాటాడించకు, బయమేస్తన్నాది."

వైర్‌లెస్‌లో సాల్మన్ గారు ఇంకోసారి అడగమన్నారు. అడిగాను. ఆమె నా మణికట్టు పట్టుకుని తన కంటి మీదికి లాక్కుంది. అదే జవాబు.

శ్రావణ శుద్ధ షష్ఠి

ఈసారి పళ్లేలను మూడు గదుల్లో పెట్టాం. దానయ్య ఒంటికన్నుతో వాటికి కాపలా ఉండి, ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. తలుపు సందుల్లో మైనం పూశాడు. కణాలు నిండుగా పరుచుకున్నాయి. మచ్చ బాగా ముదిరిన వాళ్లతో మొదలుపెట్టి, కలిపి ఆరుగురు పిల్లలకు ఇవాళ నాటాను. జగ్గారావు మనవడు మొదటివాడు, చంద్రిక మూడోది. మిగతా కణాలను కొత్త పళ్లేల్లోకి మార్చాను. ఒక పళ్లెం కొండ మీదికి వెళ్తుంది.

నూకాలమ్మ ఎడం కన్ను చీము పట్టలేదు. వాపు ఉంది, మందు వేస్తున్నాను. రోజూ కట్టు మార్చేటప్పుడు కిటికీ వెలుతురు వైపు తిరిగి, "ఉన్నాది" అంటోంది. ఆ మాట వినడం కోసమే పొద్దున లేస్తున్నాను.

శ్రావణ శుద్ధ ఏకాదశి

పడవలు తిరిగొచ్చాయి. చంద్రిక వాళ్ల నాన్న పొర ఊడిపోయింది కానీ, కన్ను మసకబారిందే తప్ప కరగలేదు. రెండు పడవల వాళ్లు మాత్రం ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు. గట్టు మీద ఎదురుచూస్తున్న ఆడవాళ్లు ఏడవడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడిపోయారు.

నాటిన ఆరుగురిలో అయిదుగురి కళ్లలో మచ్చ ఆగిపోయింది. అద్ది చూస్తే గీత వస్తోంది, సన్నగానే, కానీ వస్తోంది. ఆరోవాడికి అంటుకోలేదు, మళ్లీ నాటాలి. చంద్రిక ఎడం కంటికి రేపో ఎల్లుండో కట్టు విప్పుతాను.

శ్రావణ శుద్ధ త్రయోదశి

రాసి ముగించాల్సింది ఇంకొకటి ఉంది. ఇంతసేపూ కలం పట్టుకోలేకపోయాను.

మధ్యాహ్నం ఎండ బాగా వచ్చింది. మంచు లేదు. నూకాలమ్మను, చంద్రికను పక్కపక్కనే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ముందు చంద్రిక కట్టు విప్పాను. అది కన్ను చికిలించి, చుట్టూ చూసి, నన్ను చూసి, "నీ జుట్టు దువ్వుకోలేదేం?" అంది. నేను నవ్వుతూనే ఉన్నాను, కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆ నవ్వుతోనే నూకాలమ్మ కట్టు విప్పాను. మామూలుగా ఆమె కిటికీ వైపు తిరిగింది. రెప్పలు తెరిచింది. మూసి మళ్లీ తెరిచింది. ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది.

"పొద్దోయిందేటి?" అని అడిగింది.

 కంటి మీద వేలు పెట్టి చూశాను. రాయిలా ఉంది. వాపు తగ్గడానికి నేను వేసిన మందుకి కంటి లోపల ఒత్తిడి పెరిగిపోయింది. నిన్న పట్టి చూసినప్పుడు లేదు. ఆమె నరం అసలే పోగులా మిగిలింది, ఆ ఒత్తిడికి ఒక్క రాత్రి కూడా ఆగలేదు. ఒత్తిడి దించాను. గంటలు గంటలు ప్రయత్నించాను. సాల్మన్ గారు చెప్పినవన్నీ చేశాను. వెలుతురు తిరిగి రాలేదు.

కానీ అదంతా తర్వాత. ఆమె అడిగిన ఆ క్షణంలో చంద్రికే చెప్పింది.

"లేదు మామ్మా. ఎండ కాస్తోంది. నీ మొహం మీదే పడుతోంది."

నూకాలమ్మ రెండు చేతులతో తన బుగ్గలు తడుముకుంది. వేడి తగిలి ఉంటుంది.   తర్వాత చెయ్యి చాపి, పక్కన ఉన్న పిల్ల తల వెతికి పట్టుకుంది.

"నీకు కనబడతన్నాదా, ఎండ?"

"ఆఁ."

"రెండు కల్లకీనా?"

"కాదు. ఒక్కదానికే."

"నాకూ ఒక్కదానికే కనబడేది" అంది నూకాలమ్మ. "సాలుతాది."